పేరు చెప్పకండి

గురువారం, సాయంత్రం ఆరు.
చార్ల్‌స్టన్‌లో, చల్లారిన కాఫీ ముందు నేను.
కొండల అవతల, గని మూతపడ్డ ఊళ్లో ఆయన,
మందుల షాపుకీ చర్చికీ మధ్య ఇరుక్కున్న రెండు గదుల క్లినిక్‌లో.
డాక్టర్ హార్లన్ ఎస్టెప్. ముప్పై ఏళ్లకు పైబడ్డ ప్రాక్టీసు.
దగ్గులు, బీపీలు, బొగ్గు దుమ్ము పేరుకున్న ఊపిరితిత్తులు.
ఆ లోయలో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి.

ఆ చెయ్యి వణకడం
మొదటి ఫోన్లో, గొంతులో వినిపించింది.
"మా వాడొకడికి పాజిటివ్ వచ్చింది.
నేను కడుపునొప్పుల వైద్యుణ్ని.
మీ దగ్గరికి పంపించేస్తాను."

రెండున్నర గంటల దారి. అతనికి కారు లేదట.
పంపకండి, అన్నాను. మీరే చూడండి, పక్కన నేనుంటాను.
పేరు మాత్రం చెప్పకండి. వయసు చెప్పండి, అంకెలు చెప్పండి.

నలభై ఒకటి. వెల్డరు, ఇప్పుడు పని లేదు.
సూదులు మానేసి రెండేళ్లు.
సీడీ ఫోర్ నూట ఎనభై. కిడ్నీలు ఫర్వాలేదు.
"గ్లౌజులు రెండు జతలు తొడిగాను," అన్నాడాయన
అడక్కుండానే, చర్చిలో ఒప్పుకున్నట్టు.
ఈసారి పొట్ట తడిమేటప్పుడు ఒక్క జతా వద్దు, అన్నాను.
లైన్లో చాలాసేపు వాన చప్పుడు.

రోజుకో మాత్ర.
"అంతేనా?"
అంతే.

ఆ 'అంతే' అన్నాక ఎందుకో సొరుగు తెరిచాను.
గోధుమరంగు అట్ట నోటుపుస్తకం. ఇరవై ఆరు పేర్లు.
గడ్డం గీయించుకుని పోతానన్న ఆంబ్రోస్.
నా చేతి గడియారం ముల్లు శబ్దం పెద్దదిగా ఉందని
విప్పించేసిన లుసిండా.
ఆ రోజుల్లో నా దగ్గర మందు లేదు, పేర్లున్నాయి.
ఇప్పుడు మందుంది.
పేర్లు అడగొద్దని నిబంధన.

మూడు నెలలయ్యింది. వైరస్ లెక్క దిగాల్సినంత దిగలేదు.
మాత్రలు మింగడం లేదు, అన్నాను.
ఇలాంటివి వందలు చూశాను, అని కూడా అన్నాను.
"కాదండీ. అబద్ధమాడితే వాడి ఎడమ చెవి ఎర్రబడుతుంది.
ఆరో ఏటి నుంచీ చూస్తున్నాను."
నవ్వాను. ఫోను కాబట్టి ఆయనకు కనబడలేదు.
చెవి రంగు ల్యాబ్ రిపోర్టు కాదు డాక్టర్, అన్నాను.

మరుసటి గురువారం ఆయనే ముందు మొదలెట్టాడు.
ఇంటికెళ్లాడట. వంటగదిలో కూర్చున్నాడట.
తెల్లారగట్ల, పరగడుపున, మాత్ర వేసుకోవడం
కళ్లారా చూశాడట. వెనకాలే,
బల్ల మీద పెద్ద ప్లాస్టిక్ డబ్బా మూత తీసి
గుండెమంటకి నాలుగు సుద్దబిళ్లలు, కరకరా.
"వాళ్ల నాన్నా అంతే, బఠాణీలు నమిలినట్టు నమిలేవాడు.
డాక్టర్ గారూ, ఆ బిళ్లల్లో కాల్షియం..."

కాల్షియం.
పరగడుపున మందుని పట్టేసుకుని
ఒంట్లోకి పోనివ్వదు.
నా పాఠంలో ఏడో స్లైడు, అడుగున, చిన్నక్షరాలు.
ఎన్నో ఊళ్ల డాక్టర్లకి చదివి వినిపించాను.
నేను అడగలేదు.

మాత్రని రాత్రి భోజనంలోకి మార్చాం.
బిళ్లల్ని మధ్యాహ్నానికి తోశాం.
సెప్టెంబరులో ఒక మంగళవారం, వేళకాని వేళ ఫోను:
"కనబడడం లేదు!"
ఎవరు, అని గాభరాపడ్డాను.
"వైరసండీ, వైరస్!"

తర్వాత ఓ పార్సిలొచ్చింది. పంపినవారి పేరు ఖాళీ.
రైలుపట్టా మేకు వంచి, అతికించి చేసిన కోటు కొక్కెం.
అతుకు దగ్గర వేలితో తడిమితే ఇంకా గరుకు.
తలుపు వెనక బిగించాను.
పుస్తకం సొరుగులోనే ఉంది, ఇరవై ఆరు దగ్గరే.

ఈ గురువారం కొత్త గొంతు, ఇంకో లోయ.
కుర్ర డాక్టరు, ఊపిరి తీసుకోకుండా అంకెలు చదువుతోంది.
ఆగమ్మా, అన్నాను.
ఆవిడ వంటగది బల్ల మీద ఏముంటుందో
ఎప్పుడైనా చూశావా?